ప్రమాదమంటే ఎవరి తప్పు?



ముప్పై రెండేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. వ్యాకరణం, ఛందస్సు, ప్రబంధాలు నా పరిధి. అటువంటివాడు మోటారు వాహనాల చట్టం గురించి టపా రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. అందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి ఒక మాట, రెండవది మా ఇంటి కథ. ముందుగా మాట సంగతి.

"ప్రమాదం" అనే మాటను మనం నేడు దుర్ఘటన అనే అర్థంలో వాడుతున్నాం. రోడ్డు ప్రమాదం, రైలు ప్రమాదం, అగ్నిప్రమాదం అంటాం. సంస్కృతంలో దీని ముఖ్యార్థం అది కాదు. ప్రమాదమంటే ఏమరుపాటు. అమరకోశం కూడా అనవధానత అనే అర్థమే చెబుతుంది. అంటే మూలార్థంలో ప్రమాదం దానంతట అది జరిగేది కాదు, ఒకరు చేసేది. దాని వెనుక ఏమరినవాడొకడు తప్పక ఉంటాడు. మాట తెలుగు వాడుకలో స్థిరపడేసరికి ఆ కర్త జారిపోయాడు, ఫలితం మాత్రం మిగిలింది. "ప్రమాదం జరిగింది" అంటే చాలు, ఎవరు చేశారన్న ప్రశ్నకు ఆ వాక్యంలో చోటే లేదు.

నడిచిపోయేవాణ్ణో సైకిలు తొక్కేవాణ్ణో మోటారు బండి గుద్దితే అతనికి న్యాయంగా దక్కవలసింది ఏమిటన్న చరిత్రను కొంతకాలంగా చదువుతున్నాను. ఆ చరిత్ర అంతా ఈ రెండు అర్థాల మధ్య పెనుగులాటగానే నాకు కనబడింది.

ఇక ఇంటి కథ. 1976 మాఘమాసం. నేను పదో తరగతిలో ఉన్నాను. మాది కృష్ణా డెల్టాలో కాలువ గట్టున ఉన్న చిన్న ఊరు. నాన్నగారు నాలుగు మైళ్ల దూరంలోని రైసు మిల్లులో గుమస్తా. రాకపోకలన్నీ సైకిలు మీదనే. ఒక సాయంత్రం ఆయన ఇంటికి వస్తుండగా ఎదురుగా వస్తున్న బస్తాల లారీకి ముందు టైరు పేలింది. లారీ అదుపు తప్పి ఆయనను సైకిలుతో సహా గట్టు దిగువకు నెట్టివేసింది. కుడి తొడ ఎముక విరిగింది. బెజవాడ ఆసుపత్రిలో రెండు నెలలున్నారు. ఎముక అతికింది గాని కాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. ఆ తర్వాత ఆయన సైకిలెక్కలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి లారీ యజమాని ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. మాట కటువైనవాడు కాదు. "టైరు పేలితే డ్రైవరేం చేస్తాడండీ, నేను మాత్రం ఏం చేస్తాను? అంతా దైవికం" అన్నాడు. పెద్దమనుషులు తలూపారు. మూడు వందల రూపాయలు నాన్నగారి చేతిలో పెట్టి, రెవెన్యూ స్టాంపు అంటించిన కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఇకపై ఏ విధమైన పేచీ లేదని అందులో రాసి ఉంది. ఆ కాగితం చదివి వినిపించినవాణ్ణి నేనే.

వాళ్లు వెళ్లాక అమ్మ గుమ్మంలోకి వచ్చింది. అమ్మకు అక్షరాలు రావు. మామయ్యతో, "దైవికం అంటున్నారు సరే. అన్నయ్యా, ఆ టైరు దేవుడు కొన్నాడా?" అని అడిగింది.

మామయ్య "ఊరుకోవే, పెద్దవాళ్లతో మనకెందుకు" అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. అది న్యాయశాస్త్రంలో ఎంత పాత ప్రశ్నో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎంత పాతదంటే, మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో దీని చర్చ ఉంది. బండి వల్ల హాని జరిగితే దండన ఎవరికి అన్న విషయం చెబుతూ, దండన లేని సందర్భాలు పదింటిని లెక్కపెట్టారు. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, బండి అడ్డంగా తిరిగినా, వెనక్కు పోయినా, ఇరుసు విరిగినా, చక్రం విరిగినా, కట్లు, పలుపులు, పగ్గాలు తెగినా, తోలేవాడు "తప్పుకో" అని కేక వేసినా దండన లేదు. తోలేవాడి నేర్పులేమి వల్ల హాని జరిగితే యజమానికి రెండు వందల పణాల దండన. తోలేవాడు నేర్పరి అయితే దండన అతనికే.

ఈ జాబితాను రెండుసార్లు చదవండి. ఇరుసు విరగడం మొదలు పగ్గం తెగడం దాకా అన్నీ బండికి సంబంధించినవే. బండి భాగం విరిగితే మనిషి తప్పు లేదనే న్యాయం అరుగు మీద కూర్చున్న ఆ పెద్దమనుషులు కల్పించినది కాదన్నమాట. ఇక చివరిది మరీ విచిత్రం. కేక వేస్తే చాలు, తప్పుకోవలసిన భారం నడిచేవాడిదైపోతుంది. నేటి హారనుకు పూర్వరూపం ఆ కేకే. అయితే మరొకటి కూడా గమనించాలి. నేర్పులేనివాణ్ణి బండి మీద కూర్చోబెట్టినందుకు యజమాని బాధ్యత వహించాలన్న ఊహ కూడా అక్కడే ఉంది. సమస్యా, సగం సమాధానమూ ఒకే చోట ఉన్నాయి.

మన న్యాయస్థానాలు అనుసరించినది మాత్రం ఆంగ్లేయుల న్యాయాన్ని. ఆ న్యాయం మొదట్లో మనిషి ప్రాణానికి ఇచ్చిన విలువ వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1808లో బేకర్ అనే ఆయన భార్యతో కలిసి ప్రయాణిస్తున్న గుర్రపు కోచి బండి తిరగబడింది. నెల రోజులకు భార్య మరణించింది. లార్డ్ ఎలెన్‌బరో అనే న్యాయమూర్తి, భార్య బతికి ఉన్న ఆ నెలరోజుల కష్టనష్టాలకే భర్త పరిహారం అడగవచ్చునని, మనిషి మరణాన్ని ఒక నష్టంగా సివిల్ కోర్టులో చెప్పుకోవడానికి వీల్లేదని తేల్చాడు. అంటే గుద్ది గాయపరచినవాడు డబ్బు కట్టాలి. ప్రాణం పూర్తిగా తీసినవాడికి ఆ బాధ లేదు.

అదే దేశంలో 1842లో ఒక గాడిద మీద వ్యాజ్యం నడిచింది. యజమాని దాని ముందుకాళ్లకు బంధం వేసి రహదారి మీద మేతకు వదిలాడు. మూడు గుర్రాల బండి వేగంగా వచ్చి దాన్ని తొక్కి చంపింది. గాడిదను దారిలో వదలడం తప్పే కదా అని బండివాడి వాదన. కోర్టు ఒప్పుకోలేదు. కాస్త జాగ్రత్తగా తోలితే తప్పించగలిగినవాడు తప్పించి తీరాలని, అలా కాదంటే దారిలో నిద్రపోతున్న మనిషి మీదుగా బండి తోలినా సమర్థించవలసి వస్తుందని న్యాయమూర్తి అన్నాడు. డేవిస్, మాన్ అనే ఇద్దరి మధ్య నడిచిన ఆ గాడిద వ్యాజ్యాన్ని న్యాయవిద్యార్థులు నేటికీ చదువుతారు. దారిలో ఉన్న దుర్బలుడి వైపు పొరపాటున్నా, బలమైన బండి నడిపేవాడి బాధ్యత తీరిపోదన్న సూత్రం ఆ గాడిద పుణ్యమే.

మరణానికి పరిహారం లేదన్న నియమాన్ని ఇంగ్లండులో 1846లోనూ, మన దేశంలో 1855లోనూ శాసనం ద్వారా తొలగించారు. మన 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం మృతుడి భార్యకు, భర్తకు, తల్లిదండ్రులకు, బిడ్డలకు పరిహారం అడిగే హక్కునిచ్చింది. కాని ఒక షరతు ఉంది. ఎదుటివాడి తప్పును రుజువు చేయాలి.

ఆ తర్వాత మోటారు వచ్చింది. 1896 ఆగస్టు 17న లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిజెట్ డ్రిస్కల్ అనే స్త్రీని ప్రదర్శన కోసం తిప్పుతున్న కారు గుద్దింది. బ్రిటన్‌లో మోటారు కారు కింద పడి మరణించిన తొలి పాదచారి ఆమె అని చెబుతారు. విచారణ జరిపిన జూరీ అది కేవలం దుర్ఘటన అని తీర్మానించింది. ఇలాంటిది మళ్లీ జరగకూడదని విచారణాధికారి ఆశపడ్డాడట. కర్త లేని వాక్యం మోటారు యుగంలో అలా మొదలైంది.

మన దేశంలో 1914లో వచ్చిన తొలి మోటారు వాహనాల చట్టం రిజిస్ట్రేషను, లైసెన్సుల గొడవే చూసుకుంది. 1939 నాటి చట్టంలో మాత్రం ఎనిమిదవ అధ్యాయం ఒక పెద్ద మార్పు తెచ్చింది. బండి రోడ్డెక్కాలంటే, అది ఇతరులకు చేసే హానికి యజమాని ముందుగానే బీమా చేయించాలి. ఈ అధ్యాయం 1946 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. గుద్దిన బండివాడు నిరుపేద అయినా బాధితుడికి డబ్బు అందేందుకు అలా దారి ఏర్పడింది.

ఇక్కడ ఒక పంతులు మాట చెప్పకుండా ఉండలేను. బీమా భాషలో యజమాని మొదటి పక్షం, బీమా సంస్థ రెండవ పక్షం, రోడ్డు మీద నడిచిపోయే మనిషి మూడవ పక్షం. థర్డ్ పార్టీ అనే మాట అలా వచ్చింది. ఆ ఒప్పందం నాటికి ఆ మనిషి ఎవరో కూడా తెలియదు. ఎవరైనా కావచ్చు. ఇంగ్లీషు వ్యాకరణంలోనూ "అతడు" మూడవవాడే. మన వ్యాకరణంలో మాత్రం "అతడు" ప్రథమ పురుష. మాట్లాడే నేను ఉత్తమ పురుష, వినే నీవు మధ్యమ పురుష. ఎదుట లేని అతనితోనే మన లెక్క మొదలవుతుంది. చట్టం కూడా అటువంటి లెక్క ఒకటి నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

బీమా వచ్చినా దారి కష్టంగానే ఉండేది. సివిల్ కోర్టులో దావా వేయాలి, అడిగిన సొమ్మును బట్టి కోర్టు రుసుము కట్టాలి, ఏళ్ల తరబడి తిరగాలి. 1956 సవరణతో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పరచే వీలు కలిగింది. అర్జీ పెట్టుకోవడానికి మొదట అరవై రోజుల గడువే ఉండేది. 1970 నుంచి అది ఆరు నెలలైంది. నాన్నగారు మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆ గడువు నడుస్తూనే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బెజవాడ ఆసుపత్రికి జిల్లా కోర్టు ఎంతో దూరం లేదు. చెప్పినవారు లేరు, అంతే.

ఒకవేళ అర్జీ పెట్టుకున్నా టైరు అడ్డం వచ్చేది. ఎందుకంటే అప్పటికింకా ఏమరుపాటు రుజువైతేనే పరిహారం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ విషయంలో మన హైకోర్టు ఒక సాహసం చేసింది. హాజీ జకారియా కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు 1976 నాటి లా రిపోర్టులో అచ్చయింది. బీమాను తప్పనిసరి చేసిన చట్టం ఉద్దేశం బాధితుణ్ణి ఆదుకోవడమే కనుక, నిర్లక్ష్యం రుజువు కాకున్నా వాహనం వాడకం వల్ల కలిగిన హానికి పరిహారం ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం. అమ్మ గుమ్మంలో అడిగిన ప్రశ్నకు హైదరాబాదులో సమాధానం దొరికిందన్నమాట. అది మా ఊరిదాకా రాలేదు.

వచ్చినా నిలిచేది కాదు. 1977లో మీనూ మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఉన్న చట్టం ప్రకారం నిర్లక్ష్యం లేనిదే బాధ్యత లేదని స్పష్టం చేసింది. చట్టాన్ని మార్చవలసింది శాసనసభ గాని న్యాయస్థానం కాదన్న దృష్టి అది. తర్కంగా చూస్తే తప్పు పట్టడం కష్టం.

కాని అదే సుప్రీంకోర్టులో మరో గొంతు వినిపిస్తూ వచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుతో నిమిత్తం లేని బాధ్యతను చట్టంలో చేర్చాలని తీర్పుల్లోనే కోరారు. 1979లో ఆయన ముందుకు హర్యానా ప్రభుత్వం ఒక అప్పీలు తెచ్చింది. ప్రభుత్వ రవాణా బస్సు వల్ల భర్తను పోగొట్టుకున్న ఒక వితంతువు, ఆమె కుమార్తె కోర్టు రుసుము కట్టే స్తోమత లేక, పేదలకు ఇచ్చే మినహాయింపు కోరారు. ట్రిబ్యునల్ ముందు ఆ మినహాయింపు చెల్లదని ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వచ్చి వాదించింది. కోర్టు ఆ అప్పీలును తిరస్కరించడమే కాక, తన బస్సు వల్ల దిక్కులేనివారైనవారి మీద ఒక ప్రభుత్వం ఇలా పోరాడడమేమిటని మందలించింది.

చివరకు 1982లో పార్లమెంటు కదిలింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి, ఎవరి తప్పు అన్న విచారణ లేకుండానే మరణానికి 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు చెల్లించాలన్న నియమం వచ్చింది. గుద్ది పారిపోయిన బండి దొరకని కేసుల్లో కూడా కొంత సొమ్ము ఇచ్చే నిధి ఏర్పడింది. మరణానికి 5,000, తీవ్రగాయానికి 1,000. మొత్తాలు చిన్నవే. కాని మొట్టమొదటిసారి చట్టం "ఎవరు ఏమరారు?" అని అడగడం మాని "నష్టం ఎవరు భరించాలి?" అని అడిగింది. వేల ఏళ్ల చరిత్రలో ఇది పెద్ద మలుపు.

ఇతర దేశాలూ ఆ కాలంలోనే ఇదే దారి పట్టాయి. అన్నిటికంటె ముందుకు వెళ్లినవాటిలో ఫ్రాన్సు ఒకటి. ఆ దేశంలో మరణశిక్షను రద్దు చేయించిన న్యాయమంత్రి రోబేర్ బాదాంతేర్ పేరనే 1985 జూలై 5 నాటి చట్టాన్ని పిలుస్తారు. మోటారు బండి వల్ల గాయపడ్డ పాదచారికి గాని సైకిలు మీదివాడికి గాని, అతని పొరపాటును చూపి శరీరానికి కలిగిన నష్టం విషయంలో పరిహారం తగ్గించరాదు. క్షమించరాని తప్పు అతనిదై, దుర్ఘటనకు అదొక్కటే కారణమైతే తప్ప. పదహారేళ్ల లోపు పిల్లలకు, డెబ్బై దాటిన వృద్ధులకు, తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఆ మినహాయింపు కూడా వర్తించదు. తమ గాయాన్ని తామే కోరి తెచ్చుకుంటే తప్ప వారికి పూర్తి పరిహారం దక్కుతుంది. పిల్లవాడు బంతి కోసం రోడ్డు మీదికి పరుగెత్తడం పిల్లవాడి స్వభావం. పెద్ద బండి నడిపేవాడు అది ఊహించుకునే నడపాలి. ఆ చట్టం పునాది ఇదే.

మన దగ్గర అంతటి సూత్రం శాసనంలోకి రాలేదు. కాని 1987లో గుజరాత్ రవాణా సంస్థ మీద వచ్చిన రమణ్‌భాయ్ కేసులో జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య దాని దరిదాపులకు వెళ్లారు. మృతుడి సోదరుడు పరిహారం అడగవచ్చునా అన్నది అక్కడి ప్రశ్న. 1855 చట్టంలో అన్నదమ్ముల ప్రసక్తి లేదు. అడగవచ్చునని కోర్టు చెప్పింది. ఆ సందర్భంలోనే, తన తప్పేమీ లేకుండా గాయపడ్డ పాదచారికి, వాహనం నడిపినవాడు నిర్లక్ష్యంగా నడిపినా నడపకపోయినా, పరిహారం దక్కాలని, సామాజిక న్యాయమనే మాటకు అర్థముంటే అదేనని అన్నారు.

1988లో కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చి 1989 జూలై 1 నుంచి అమలైంది. మరణాలు, శరీర గాయాల విషయంలో బీమా సంస్థ బాధ్యతకు పూర్వమున్న పరిమితి పోయింది. 1994లో ఆరు నెలల గడువును కూడా తీసివేశారు. బాధితుడు తాను ఉంటున్న చోటి ట్రిబ్యునల్‌లోనే అర్జీ పెట్టుకునే వీలు కల్పించారు. ఎక్కడో జాతీయ రహదారి మీద దెబ్బ తిన్న కూలివాడు ఆ జిల్లాకు మళ్లీ మళ్లీ తిరగనక్కర లేదు.

ఇక టైరు సంగతి. నా దగ్గర పదో తరగతి చదివి న్యాయవాది అయిన ఒక విద్యార్థి 2003లో మా ఇంటికి వచ్చాడు. మాటల సందర్భంలో నాన్నగారి కథ చెప్పాను. వారం తర్వాత ఒక తీర్పు నకలు తెచ్చి ఇచ్చాడు. అది 2001 జనవరిలో కౌష్నుమా బేగం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. రాసినవారు జస్టిస్ కె.టి. థామస్. 1986లో ఒక జీపు ముందు టైరు పేలి, బోల్తా కొట్టి, రోడ్డున నడిచిపోతున్న మనిషిని గుద్దింది. ఆయన మరణించాడు. డ్రైవరు నిర్లక్ష్యం లేదని ట్రిబ్యునల్ అర్జీని కొట్టివేసింది. సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు.

కోర్టు ఆధారం చేసుకున్నది 1868 నాటి ఒక ఇంగ్లీషు వ్యాజ్యాన్ని. ఒకడు తన భూమిలో నీళ్ల చెరువు కట్టించుకున్నాడు. నీరు కిందినుంచి పొరుగువాడి గనిలోకి పొంగింది. కట్టించినవాడి అజాగ్రత్త లేకపోయినా, తప్పించుకుపోతే హాని చేసే వస్తువును తెచ్చి పెట్టుకున్నవాడే దాని ఫలితాన్ని భరించాలని ఆనాటి ప్రభుసభ తీర్పు చెప్పింది. చెరువుకు వర్తించిన న్యాయం రోడ్డెక్కిన మోటారుకూ వర్తిస్తుందని మన సుప్రీంకోర్టు చెప్పింది. నిర్లక్ష్యం రుజువు కాకపోయినా ఆ కుటుంబానికి పరిహారం ఇప్పించింది.

ఆ రాత్రి తీర్పులోని సంగతి అమ్మకు తెలుగులో చెప్పాను. నాన్నగారు అప్పటికి పోయి పదకొండేళ్లైంది. అమ్మ అంతా విని, "అయితే టైరు కొన్నవాడిదేనన్నమాట" అంది. కాసేపాగి, "మీ నాన్న ఉండి వినవలసింది" అంది. ఆమె అంతకంటె ఏమీ అనలేదు. నేను చదివి వినిపించిన మొదటి కాగితం నాకు గుర్తుకొచ్చింది. ఆమెకూ వచ్చే ఉంటుంది.

పరిహారం ఎంత అన్నది మరో పెద్ద చరిత్ర. టూకీగా చెబుతాను. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసును బట్టి ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో ఒక పట్టిక ఇచ్చింది. 2017లో ప్రణయ్ సేథీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని స్థిరపరచి, మరణించినవారికి భవిష్యత్తులో పెరగబోయే ఆదాయాన్ని కూడా లెక్కలో చేర్చింది. మరి ఇంటి పనికి జీతం లేని గృహిణి మరణిస్తే? ఆమె శ్రమకు విలువ కట్టి తీరాలని 2010లోనూ, మళ్లీ 2021లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. 2021 నాటి తీర్పులో గృహిణి శ్రమ గురించి విపులంగా విడిగా రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ.

ప్రస్తుత స్థితి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ టపా రాయడంలో అసలు ఉద్దేశం అదే. 2019 సవరణలోని పరిహార నియమాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. తప్పు రుజువు చేయకుండానే మరణానికి అయిదు లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు పొందే దారి ఒకటి ఉంది. నిర్లక్ష్యాన్ని చూపించి పూర్తి నష్టాన్ని కోరే దారి మరొకటి. బీమా సంస్థతో మొదటి దారిలో రాజీపడి సొమ్ము పుచ్చుకుంటే రెండవది మూసుకుపోతుంది. కనుక సంతకం చేసేముందు తెలిసినవారిని అడగాలి. గుద్దిన బండి ఆచూకీ దొరకకపోతే మరణానికి రెండు లక్షలు, తీవ్రగాయానికి యాభై వేలు ఇస్తారు. దీనికి కోర్టుకు కాదు, రెవెన్యూ అధికారులకు అర్జీ పెట్టుకోవాలి. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది మరణించగా అందులో 32,825 మంది పాదచారులు. గుద్ది పారిపోయిన ఘటనల్లో మరణించినవారే 30,486 మంది. ఈ పథకం గురించి బాధితులకు తెలియజేయడం పోలీసుల బాధ్యత అని సుప్రీంకోర్టు 2024లో ఆదేశించవలసి వచ్చిందంటే, ఎంతమందికి తెలియకుండా పోయిందో ఊహించుకోవచ్చు.

2025 మే నుంచి దెబ్బ తగిలిన మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందే పథకం కూడా ఉంది. అదే నెలలో సుప్రీంకోర్టు, నడవడానికి తగిన కాలిబాట ఉండడం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. గుద్దిన తర్వాతి న్యాయంతో మొదలైన చరిత్ర గుద్దకముందు కావలసిన న్యాయం దాకా వచ్చింది.

ఒకటి మాత్రం వెనక్కు నడిచింది. 1994లో తీసివేసిన ఆరు నెలల గడువును 2019 సవరణ మళ్లీ తెచ్చింది. దానిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆ వివాదం ఎలా తేలినా బాధితులు మాత్రం ఆరు నెలలు దాటనివ్వకూడదు. కాలు విరిగి మంచం మీద ఉన్నవాడికి ఆరు నెలలంటే ఏమంత కాలం కాదని మా ఇంట్లో తెలుసు.

జనంలో ఉన్న రెండు అపోహలు కూడా చెప్పాలి. పోలీసు కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడితే పరిహారం రాదనుకుంటారు. అది నిజం కాదు. శిక్ష వేయడానికి కావలసినంత గట్టి రుజువు పరిహారానికి అక్కర లేదు. మరొకటి, "ఎప్పుడూ పెద్ద బండిదే తప్పు" అన్నది. ఇది ఊళ్లలో చెల్లే న్యాయం గాని చట్టంలో లేదు. సైకిలుకు దీపం లేదనో, అడ్డదిడ్డంగా దాటారనో తేలితే ట్రిబ్యునల్ కొంత శాతం తగ్గిస్తుంది. అలా తగ్గించడంలోనైనా ఆ గాడిదను గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

మా తెలుగు పుస్తకాల్లో ప్రమాదానికి అర్థం అడిగితే పిల్లలు "ఆపద" అని రాసేవారు. మార్కులిచ్చేవాణ్ణి, ఎందుకంటే వాడుకలో అది సరైన అర్థమే. కాని ప్రతిసారీ పక్కన ఎర్ర సిరాతో "ఏమరుపాటు కూడా" అని చేర్చేవాణ్ణి. పిల్లలకు ఎందుకో తెలిసేది కాదు.

మీ ఊళ్లో ఎవరికైనా ఇటువంటిది జరిగి ఉంటే, తెల్లకాగితం మీద సంతకం పెట్టకముందే ఈ నాలుగు మాటలూ వారి చెవిన వేయండి. న్యాయశాస్త్రం చదివిన మిత్రులు ఇందులో దోషాలు చూపితే సరిదిద్దుకుంటాను.